గేలన్ రాసిన బద్ద

శనివారం పొద్దున్నే చర్చి వెనక పెరట్లో మంట రాజేశారు. ఏది దాచాలో, ఏది పంచాలో, ఏది తగలెయ్యాలో తేల్చే పెత్తనం లియోటా ప్రిండిల్‌ది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, నోరు మాత్రం ఇసుమంత కూడా అరగలేదు. ముప్ఫై ఏళ్ళుగా మార్ల్ క్రీక్ మెథడిస్టు చర్చికి చరిత్ర రాసే మనిషి ఆవిడే. మెథడిస్టు చర్చి ఎంత చిన్నదైనా అలాంటి మనిషి ఒకరు ఉండాల్సిందే. పాస్టర్లని నమ్ముకుంటే లాభం లేదు, బిషప్పుగారు నాలుగేళ్ళకోసారి వాళ్ళని పీకి ఇంకో ఊళ్ళో నాటుతుంటాడు. ఏ గోడ ఎవరు కట్టారో, ఏ రంగు అద్దాల కిటికీ ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో గుర్తుపెట్టుకునే పని ఊళ్ళోవాళ్ళదే.

రేపు ఆఖరి ఆరాధన. ఎల్లుండి సోమవారం తాళాలు అప్పగించాలి. కొనుక్కున్న పట్నం ఆసామి ఇటుకలు ఇటుకలుగా, చెక్కలు చెక్కలుగా విప్పి అమ్ముకుంటాడట.

వంటగదిలోంచి ఒక్కో సామానూ మోసుకొచ్చి చూపిస్తోంది ఈవలిన్ హఫ్. లియోటాతో మూడో తరగతి నుంచీ కలిసి చదివింది, కలిసి పోట్లాడింది.

"ఏమే, ఈ పెద్ద గాజు గిన్నె?"

"దాచు. పందొమ్మిది వందల పదకొండులో మహిళా సంఘం కొన్నది."

"ఈ గొర్రెపిల్ల బొమ్మ?"

"ఎవరికైనా ఇచ్చెయ్. దాని మొహం చూస్తే నాకెప్పుడూ మన పాత కోశాధికారే గుర్తొచ్చేవాడు."

ఈవలిన్ నవ్వాపుకుంటూ లోపలికెళ్ళి, ఈసారి గోడకుండే పాటల బోర్డు మోసుకొచ్చింది. ఆ ఆదివారం పాడబోయే పాటల నంబర్లు మూడు వరసల్లో పెట్టే ఓకు చెక్క బోర్డు. వెనక దళసరి కాగితం అంటించి ఉంది, పైన రెండు ఇత్తడి కొక్కేలు.

"మరి ఇదో?"

లియోటా దాన్ని ఎగాదిగా చూసింది. డెబ్భై ఒకటిలో ఆవిడ మొగుడు డోర్సీ చేశాడు దాన్ని. బతికున్నన్నాళ్ళూ ప్రతి శనివారం తనే వెళ్ళి నంబర్లు మార్చేవాడు, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మూడేళ్ళ క్రితం పోయాడు. నంబర్లు ఇప్పుడు కాగితం మీద అచ్చేసి పంచుతున్నారు కనక, డోర్సీ ఆఖరిసారి పెట్టినవే అలా ఉండిపోయాయి.

"నంబరు ముక్కలు తీసి డబ్బాలో వెయ్యి. అవి చర్చి కట్టిన నాటివి. బోర్డు మంటలో పారెయ్."

"అదేంటే, డోర్సీ చేసింది కదే!"

"తెలుసు. అందుకే పారెయ్యమంటున్నా."

ఈవలిన్ కదల్లేదు. లియోటా తన జాబితాలో 'పాటల బోర్డు, 1971, చారిత్రక విలువ లేదు' అని రాసింది, ఆమె చేతిలోంచి బోర్డు లాక్కుంది, కుంటుకుంటూ వెళ్ళి మంటలోకి విసిరింది. పాత ఓకు, పైగా ఏటేటా వార్నిష్ తాగిన చెక్క. భగ్గున అంటుకుంది. లియోటాకి ఒక్క క్షణం ఒళ్ళు తేలికైంది, ఆ వెంటనే కాస్త సిగ్గేసింది. చచ్చిపోయిన మనిషి మీద ఇంకా ఈ కసేమిటి అనుకుని తర్వాతి సామానుకి చెయ్యి చాపింది.

కసి ఊరికే రాలేదు. అది తెలియాలంటే ఆ చర్చి ఎలా ఉంటుందో తెలియాలి.

పద్దెనిమిది వందల తొంభై నాలుగులో ఊరి రైతులు పొలాల్లోంచి బండరాళ్ళు ఏరుకొచ్చి పునాది వేశారు. ఇటుకలు వాగు మట్టితో ఇక్కడే కాల్చారు. గంట గోపురం ఒక మూల, వేదిక ఇంకో మూల. కొత్తవాళ్ళకి లోపలికి రాగానే దిక్కు తెలియదు, ఎటు కూర్చోవాలో కాసేపు తడుముకుంటారు. బెంచీలు వంపు తిరిగి ఉంటాయి, నేల సినిమా హాల్లోలాగా వేదిక వైపుకి వాలి ఉంటుంది. వేదికకి ఎదురుగా అర్ధచంద్రాకారంలో ఆరు గదులు, పిల్లల ఆదివారపు బడికి. ఆ గదులకి హాలు వైపు గోడల్లేవు, షట్టర్లు ఉన్నాయి. కొట్లకి ఉండే షట్టర్లలాంటివే, కాకపోతే ఇనుము కాదు, ఓకు చెక్క బద్దలు. తొమ్మిదింటికి గంట కొట్టగానే ఆరూ గడగడా దిగేవి, ఏ తరగతి పాఠం దానిది. పదీ ఇరవైకి మళ్ళీ గంట కొడితే ఆరూ పైకి చుట్టుకుపోయేవి. పిల్లలు కూర్చున్నచోటి నుంచి కదలకుండానే పెద్దాళ్ళతో కలిసి ఆరాధనలో ఉండేవాళ్ళు. ఒక్క నిమిషంలో ఏడు గదులు ఒక గదైపోయేవి. ఆ చప్పుడంటే లియోటాకి చిన్నప్పట్నుంచీ ప్రాణం. తను రాసిన చర్చి చరిత్రలో దాని గురించి రెండు పేజీలు రాసింది.

మూడో గది మూడో తరగతివాళ్ళది. దాని షట్టరుకో ఆచారం ఉండేది. మూడో తరగతికొచ్చిన పిల్లలకి సెప్టెంబరులో ఓ ఆదివారం, అందరి ముందూ, పేరు అచ్చువేసిన బైబిలు ఇచ్చేవాళ్ళు. బైబిలు అందుకున్న పిల్లలు ఆ షట్టరు మీద తమ పేరు రాయాలి. ఏడాదికో బద్ద. మొదటి ఏడాదివాళ్ళు అడుగున రాశారు, తర్వాతివాళ్ళు ఆపై బద్ద మీద. అలా పైకి పైకి పోయి, ఆఖరి రోజుల్లో పిల్లల్ని నిచ్చెనెక్కించాల్సి వచ్చేది. మనిషి జన్మలో ఒక్కసారే రాయనిచ్చేవాళ్ళు.

లియోటా కొడుకు గేలన్ అరవై తొమ్మిదిలో రాశాడు. ఆ ఏడు మూడో తరగతిలో ఇద్దరే పిల్లలు. నిచ్చెన మీద వాడి పెన్సిలు ముల్లు విరిగితే, జేబులోంచి ఎర్ర రంగుముక్క తీసి రాసేశాడు, పక్కన ట్రాక్టరు బొమ్మ కూడా గీశాడు. హాలంతా గొల్లున నవ్వింది. డోర్సీ నిచ్చెన పట్టుకుని నిలబడి తనూ నవ్వాడు.

ఐదు నెలలకి, ఫిబ్రవరిలో, గేలన్‌కి మెదడువాపు జ్వరం వచ్చింది. మూడు రోజులు. తొమ్మిదేళ్ళు నిండలేదు.

బైబిలు వాడితోపాటు శవపెట్టెలో పెట్టారు. అంత్యక్రియల మర్నాడు లియోటా అక్క ఓపల్, చెల్లెలి కంట పడితే తట్టుకోలేదని, వాడి బడి పుస్తకాలూ కాగితాలూ అన్నీ పెరట్లో పీపాలో వేసి కాల్చేసింది. మంచి చేస్తున్నాననే అనుకుంది పాపం. లియోటా మాత్రం ఓపల్ చచ్చేదాకా ఆమెతో మనసిచ్చి మాట్లాడలేదు. కొడుకు చేత్తో రాసినదేదైనా లోకంలో మిగిలిందంటే ఆ షట్టరు మీదున్న ఎర్ర పేరొక్కటే.

మరుసటి ఏడు డెబ్భై ఒకటిలో నూనె పొయ్యి ఖర్చు భరించలేకపోతున్నామని, గదులు మూసేస్తే హాలు వెచ్చగా ఉంటుందని పెద్దలు తీర్మానించారు. షట్టర్లు పైకి చుట్టేసి, వాటి పెట్టెలు బిగించేసి, కింద చెక్కలతో గోడ కట్టాలి. లియోటా సభలో లేచి నిలబడి వద్దంది. బతిమాలింది. ఆ గోడ కట్టింది ఎవరు? ఊళ్ళో వడ్రంగి ఎవరు? డోర్సీ! సాయం వస్తామన్నవాళ్ళని కూడా రానివ్వలేదు, ఒక్కడే వారం రోజుల్లో కట్టి పారేశాడు.

"నీ కొడుకు పేరు మీద గోడ కట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి?" అని అడిగింది లియోటా ఆ రాత్రి అన్నం దగ్గర.

డోర్సీ చెంచా కింద పెట్టాడు. "చలిగా ఉంటోందన్నారు," అన్నాడు.

అంతే. ఆ మనిషి బెల్లం కొట్టిన రాయి. నలభై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కొడుకు పేరు ఆ నోటి వెంట రాలేదు. పుట్టినరోజు నాడూ రాలేదు, పోయిన రోజు నాడూ రాలేదు. కనీసం ఆ గోడ కాస్త తీసి చూపించమని ఎన్ని ఏళ్ళు పోరిందో! "స్ప్రింగు పోయింది, ముట్టుకుంటే మీద పడుతుంది," అనేవాడు. తండ్రికి లేని పేగు తనకే ఉందా అని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది లియోటా. తర్వాత ఏడవడం మానేసి ఎత్తిపొడవడం మొదలుపెట్టింది. చర్చిలో డోర్సీ పాస్టరు మొహం చూడడు, పెళ్ళాం మొహం చూడడు, ఆరాధన సాగినంతసేపూ ఎదురుగోడకున్న ఆ పాటల బోర్డు కేసే చూస్తుంటాడు. "పాట అయిపోయింది, ఇంకా ఆ నంబర్లేంటి, పొదుగుతున్నావా?" అనేది. ఆసుపత్రిలో ఆఖరి రోజున కూడా కళ్ళు తెరిచి, "ఈ వారం నంబర్లు ఎవరు పెట్టారు?" అని అడిగాడు. లియోటాకి ఒళ్ళు మండిపోయింది. "చచ్చే ముందు కూడా నీకు ఆ దిక్కుమాలిన బోర్డేనా!" అని విసురుగా బయటికొచ్చేసింది. తెల్లారేసరికి డోర్సీ పోయాడు.

ఈ జనవరిలో చర్చి మూసెయ్యాలా వద్దా అని ఓటు పెట్టారు. జిల్లా పర్యవేక్షకురాలు వచ్చి కూర్చుంది. మెథడిస్టుల ఆస్తులన్నీ పైవాళ్ళ పేరునే ఉంటాయి. కట్టింది మేము, తుడిచింది మేము, కప్పు కారితే బకెట్లు పెట్టింది మేము, తాళం చెవి మాత్రం వాళ్ళది! సభ్యులు పదిహేడుమంది మిగిలారు. మూసెయ్యాలని తొమ్మిది చేతులు లేచాయి, వద్దని ఎనిమిది. ఆ తొమ్మిదో చెయ్యి లియోటాది. అక్కడే పెరిగి, అక్కడే పెళ్ళాడి, దాని గురించి పుస్తకం రాసిన మనిషి చెయ్యెత్తింది. ఎందుకో ఒక్క ఈవలిన్‌కే చెప్పింది. చర్చి నిలబడి ఉన్నంతకాలం ఆ గోడ ఎవరూ తియ్యరు. కూల్చేటప్పుడు తీస్తారు.

"ఒక బద్ద కోసం చర్చి మొత్తం అమ్మేశావటే, మహాతల్లీ!" అంది ఈవలిన్. ఆ తర్వాత రెండు నెలలు మాట్లాడలేదు.

ఆదివారం ఆఖరి ఆరాధనకి నూట నలభైమంది వచ్చారు. బతికున్నప్పుడు రాని జనం చావుకి వస్తారంటే ఇదే. కుర్ర పాస్టరమ్మ, ఇరవై ఎనిమిదేళ్ళది, ఈ ఊరికొచ్చి ఏడాది కూడా కాలేదు, ఏడుస్తూనే నడిపించింది. పెద్ద బైబిలు ఒకరు, శిలువ ఒకరు, ప్రభురాత్రి భోజనపు గిన్నెలు ఒకరు పట్టుకుని వరసగా బయటికి నడిచారు. లియోటా తన బెంచీలోనే కూర్చుంది. ఎదురుగోడ మీద, పాటల బోర్డు తీసేసిన చోట, తెల్లటి చదరం కనిపిస్తోంది. చుట్టూ గోడ పొగచూరి ఉంటే అదొక్కటే కొత్తగా ఉంది. దాని మీదికి చూపు పోయినప్పుడల్లా లియోటా మొహం తిప్పుకుంది. తన ధ్యాసంతా రేపటి మీదే. రేపీపాటికి గేలన్ రాత చేతిలో ఉంటుంది. వేలితో తడమొచ్చు. వంటింట్లో కిటికీ పక్కన కొట్టిస్తుంది. ఇంకెన్నేళ్ళు బతుకుతుందో గానీ, ఆ నాలుగేళ్ళూ పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ చూసుకుంటుంది.

సోమవారం ఏడింటికల్లా వచ్చి మూడో గది ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎనిమిదింటికి లొవెల్ కెసలర్ పనిముట్ల పెట్టెతో వచ్చాడు. పట్నం ఆసామి దగ్గర పాత కట్టడాలు విప్పే పని అతనిది. యాభై ఎనిమిదేళ్ళుంటాయి, బట్టతల. అరవై తొమ్మిదిలో గేలన్‌తో కలిసి బైబిలు అందుకున్న రెండో పిల్లాడు అతనే.

"ఏంటి ప్రిండిల్ గారూ, నాకంటే ముందే డ్యూటీ ఎక్కేశారు?"

"నీ మీద నమ్మకం లేకరా. చిన్నప్పుడు నువ్వు గోడ దూకి నా పియర్ పళ్ళన్నీ కోసుకుపోయావు."

"నేనొక్కణ్ణే కాదమ్మా. మీవాడే పట్టుకుని ఎక్కించాడు నన్ను." అని నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగాడు. "ముందు ఈ గోడే తీస్తాను. మీ బద్ద మీ చేతిలో పెట్టాకే వేరే పని. మా ఆసామికి కూడా చెప్పేశాను."

గోడ అరగంటలో ఊడింది. డోర్సీ పని ఎప్పుడూ గట్టిదే, మేకులు కీచుమంటూ వచ్చాయి. ఆపైన నిచ్చెనెక్కి షట్టరు పెట్టె విప్పాడు లొవెల్. లోపల చుట్టుకున్న చెక్క, నలభై ఎనిమిదేళ్ళుగా గాలి తగలనిది.

"జాగ్రత్త, స్ప్రింగు పోయిందట," అంది లియోటా.

లొవెల్ వేలు పెట్టి చూశాడు. "ఎవరన్నారు? కొత్తదానిలా ఉంది. గ్రీజు పూసి మరీ మూశారు."

లియోటా కుర్చీలో ముందుకి వంగింది.

లొవెల్ మెల్లిగా లాగాడు. షట్టరు దిగడం మొదలైంది, ఆ గడగడ చప్పుడు, అదే చప్పుడు, ఖాళీ హాల్లో. లియోటా కుర్చీలోంచి లేచింది. ముందు తొంభై నాలుగువాళ్ళు దిగారు, ఇంకు పెన్నుతో ముత్యాల్లాంటి రాత. తర్వాత యుద్ధంలో పోయిన పేర్లు, ఇన్‌ఫ్లుయెంజాలో పోయిన పేర్లు, అందరివీ ఎనిమిదేళ్ళ వయసు రాతలే. నలభై ఐదులో డోర్సీ ప్రిండిల్, బద్ద చివర ఎవరికీ కనపడకూడదన్నట్టు చిన్నగా. నలభై ఆరులో తనూ, ఈవలినూ. యాభైలు. అరవైలు. లొవెల్ నెమ్మదించాడు.

"అరవై ఏడు," అన్నాడు. "అరవై ఎనిమిది." ఇంకో బద్ద దిగింది.

దాని మీద పేరు లేదు. ఎరుపు లేదు. పాత నల్ల ఓకు మధ్యలో పసుప్పచ్చటి పైను చెట్టు చెక్క, వేరే బద్ద. ఆపైవి డెబ్భై, డెబ్భై ఒకటి.

"ఏది?" అంది లియోటా. "ఇంకా లాగు."

"అయిపోయిందమ్మా. ఇదే చివర."

"లేదు, వాడిది ఎర్రగా ఉంటుంది. ట్రాక్టరుంటుంది. నువ్వే పక్కనున్నావు కదరా, నీకు గుర్తులేదూ?"

లొవెల్ ఆ పైను బద్దకి మొహం దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. "ఇక్కడేదో రాసుంది. వడ్రంగి పెన్సిలు. మావాళ్ళు గోడ మూసేముందు ఇలా రాసిపెడుతుంటారు, తర్వాత తెరిచేవాళ్ళ కోసం."

"చదువు."

అతను చదివాడు, మెల్లిగా, చెరిగినచోట ఆగుతూ.

"'ఈ గోడ తెరిచేవాళ్ళకి. ఇక్కడి బద్ద నేనే తీశాను. మా గేలన్ రాసింది. గోడ వెనక చీకట్లో వాణ్ణి వదలబుద్ధి కాలేదు. పాటల బోర్డు నడి వరసలో పెట్టాను, లియోటాకి ఎదురుగా. పేరు వెనకవైపు ఉంది. పేరెత్తొద్దంది. డి. ప్రిండిల్, అక్టోబరు, 1971.'"

"మళ్ళీ చదువు," అంది లియోటా.

చదివాడు.

పేరెత్తొద్దంది. ఎప్పుడంది? తనెందుకంటుంది? నలభై ఆరేళ్ళు ఆ పేరు వినాలని చెవులు కోసుకున్న మనిషి అలా ఎందుకంటుంది? అని లోపల్లోపల గింజుకుంటుండగానే ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. పచ్చ రంగు గోడలు. డోర్సీ రెండు చేతుల్లో రెండు కాఫీ కప్పులు పట్టుకుని వచ్చాడు. గేలన్ బూట్లు లోపలే ఉండిపోయాయి, తెచ్చెయ్యనా, అని అడిగాడు. తను అరిచింది. ఆ పేరు ఇంకోసారి నా ముందు ఎత్తావంటే నేను బతకను, అంది. డోర్సీ కప్పులు రెండూ కిటికీ గట్టు మీద పెట్టాడు, సరే అని తలూపాడు. ఏ కొలత చెప్తే ఆ కొలతకి కోసే మనిషి. నిలువెల్లా దుఃఖంలో ఉన్న ఆడది ఏదో అంటుంది, అది నెలకో ఏడాదికో పోతుంది అని అతనికి తెలియలేదు. పోయింది, ఇప్పుడు ఎత్తు, అని తనూ చెప్పలేదు. అన్నదే మర్చిపోయింది కదా!

అప్పుడు అందింది మిగతా సగం. లియోటా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాటల బోర్డంటే బయట సామానులో ఉంటుంది కదమ్మా," అంటున్నాడు లొవెల్, నిచ్చెన దిగుతూ, మొహం వెలిగిపోతూ. "ఎక్కడ పెట్టారో చెప్పండి, నిమిషంలో తెచ్చేస్తాను."

లియోటా వెనక తలుపు వైపు నడుస్తోంది. మోకాళ్ళ సంగతి మర్చిపోయి నడుస్తోంది.

పెరట్లో బూడిద కుప్ప. నిన్న కొంచెం వాన పడ్డట్టుంది, పైన నల్లగా గడ్డకట్టింది. ఈవలిన్ వంటింటి మెట్ల మీద కూర్చుని, విందులకి తెచ్చి వదిలేసిన గిన్నెలు తిరగేసి, అడుగున అంటించిన పేర్లు చూసి వేరు చేస్తోంది. తలెత్తి చూసింది.

"వచ్చిందా నీ బద్ద?"

లియోటా బూడిద ముందు కూలబడింది. రెండు చేతులూ పెట్టి తవ్వడం మొదలుపెట్టింది.

"ఒసేయ్, ఏంటది? లే! లొవెల్, ఏమైందిరా?"

లొవెల్ చెప్పాడు. ఈవలిన్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నేనొద్దన్నాను కదే అనడానికి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. గిన్నె పక్కన పెట్టి వచ్చి తనూ బూడిదలో కూర్చుంది.

"నేనే వేశాను, ఈవీ," అంది లియోటా. "నువ్వు వెయ్యకుండా నిలబడితే, లాక్కుని మరీ వేశాను. మా అక్క ఓపల్‌ని నలభై ఏళ్ళు క్షమించలేదు నేను. అది తెలియక కాల్చింది. నేనూ కాల్చాను. మిగిలింది అదొక్కటే, అదీ నా చేత్తోనే కాల్చాను."

"నీకేం తెలుసే, పిచ్చిదానా."

"నలభై ఐదేళ్ళు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాం. ఆ మనిషి కొడుకుని చూసుకుంటుంటే నేను వెక్కిరించాను. పోయేరోజు కూడా వాడి గురించే అడిగాడు. ఈ వారం వాడి దగ్గరికి ఎవరెళ్ళారని అడిగాడే! నేను కసిరి బయటికొచ్చేశాను."

అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఎనభై ఒక్కేళ్ళ ఒళ్ళు తట్టుకోలేనంత ఏడుపు. ఈవలిన్ ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది, వేరే ఏమీ చెయ్యలేకపోయింది. లొవెల్ పార తెచ్చి కుప్పంతా నెమ్మదిగా జల్లించాడు. బొగ్గు ముక్కలు, కరిగిన మైనం, కుర్చీ మేకులు. ఓకు బద్ద ముక్క కూడా దొరకలేదు. రెండు ఇత్తడి కొక్కేలు మాత్రం దొరికాయి, నల్లబడి. చొక్కాకి తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నీ పేరు కూడా దాని మీదే ఉండేది కదరా," అంది లియోటా.

"ఉండేది లెండి. నా రాత కోసం మా ఇంట్లో ఎవరూ ఏడవరు, డాక్టరు చీటీలా ఉంటుంది." అని నవ్వించబోయి, తనే కళ్ళు తుడుచుకున్నాడు.

పదకొండింటికి లియోటా మళ్ళీ లోపలికొచ్చి కూర్చుంది. తన చోట్లో కాదు, బెంచీ చివర డోర్సీ కూర్చునే చోట్లో. చెక్క అక్కడ నున్నగా అరిగి ఉంది. ఎదురుగోడ మీది తెల్ల చదరం తిన్నగా కనపడుతోంది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

లొవెల్ ఆ పైను బద్దని షట్టరులోంచి జాగ్రత్తగా ఊడదీసి, రాత చెరగకుండా పాత దుప్పట్లో చుట్టి తెచ్చాడు. విప్పిన ప్రతి చెక్క మీదా అది ఎవరికి పోవాలో సుద్దముక్కతో రాయడం అతని పద్ధతి, లేకపోతే లారీలో కలిసిపోతాయి. దుప్పటి బయటికున్న కొస పట్టుకుని సుద్దముక్క తీశాడు.

"దీని మీద ఎవరిదని రాయమంటారమ్మా? మీ పేరు రాసెయ్యనా?"

లియోటా ఆ పచ్చ చెక్క మీద చెయ్యి పెట్టింది. కొడుకు రాత కోసం చర్చిని వదులుకుంది, మొగుడి రాత దొరికింది. నలభై ఆరేళ్ళలో అతను కొడుకు పేరు ఎత్తింది అక్కడొక్కచోటే.

"నాది కాదు," అంది. "గేలన్ వాళ్ళ నాన్నది. అలాగే రాయి."